మా పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,



దేశంలో ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ ఉగ్రవాదులు కాల్పులు జరిపినా హైదరాబాద్‌లో హై అలర్ట్ ప్రకటిస్తారు. ప్రజలు ఆందోళన చెందాల్సిన పనిలేదని అధికారులు చెబుతారు. ఆ వార్త చదివిన ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆదివారం పిల్లల్ని ట్యాంక్‌బండ్‌కు తీసుకెళ్దామనుకున్నాం కదా, వెళ్దామా, మానేద్దామా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు. అలర్ట్ అంటే మేం ఇంట్లో ఉండాలనా, బయటికి వెళ్ళి జాగ్రత్తగా ఉండాలనా? జాగ్రత్తగా ఉండటమంటే ఏం చెయ్యాలి? ఎవరూ చెప్పరు. చివరికి ఇంట్లో పెద్దవాళ్ళో, భయం ఎక్కువున్నవాళ్ళో, వాట్సాప్‌లో వచ్చిన ఏదో సందేశమో ఆ నిర్ణయం తీసుకుంటుంది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. బడిలో పాఠాలు చెబుతాను. ఇద్దరు పిల్లల తల్లిని. హోం శాఖ, పురపాలక శాఖ రెండూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. పార్కు గేటు దగ్గర తనిఖీ చేసేవాళ్ళు, పార్కులో దారులు వేసేవాళ్ళు, ప్రమాదం జరిగితే పరుగెత్తుకొచ్చేవాళ్ళు, అందరూ చివరికి మీకే జవాబుదారులు. మీరు కూర్చునే సచివాలయానికి ఎదురుగానే లుంబినీ పార్కు ఉంది. నేను చెప్పబోయే మాటలకు ఆ పార్కే పెద్ద సాక్ష్యం.

2007 ఆగస్టు 25, శనివారం. సాయంత్రం లేజర్ షో చూడటానికి జనం లుంబినీ పార్కులో కూర్చున్నారు. ఎనిమిది గంటలు కావస్తుండగా అక్కడ బాంబు పేలింది. నిమిషాల వ్యవధిలో కోఠీలోని గోకుల్ చాట్ దగ్గర మరొకటి పేలింది. రెండుచోట్లా కలిపి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో మహారాష్ట్ర నుంచి మన నగరం చూడటానికి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఉన్నారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద పేలని బాంబు ఒకటి దొరికింది. అంతకు మూడు నెలల ముందే, మే 18న, మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్‌లోనే బస్టాపు దగ్గర, మిర్చి బజ్జీల సెంటర్ దగ్గర సైకిళ్ళకు అమర్చిన రెండు బాంబులు పేలి 18 మంది ప్రాణాలు పోయాయి. వందమందికి పైగా గాయపడ్డారు.

ఈ చోట్లను ఒకసారి వరసగా తలుచుకోండి. లేజర్ షో, చాట్ దుకాణం, బస్టాపు, మిర్చి బజ్జీల సెంటర్, నమాజు చదువుకునే ఆవరణ. ఒక్కటీ సైనిక స్థావరం కాదు, ఒక్కటీ ప్రభుత్వ కార్యాలయం కాదు. అన్నీ మామూలు మనుషులు పని ముగించుకుని కాసేపు ఊపిరి పీల్చుకునే చోట్లు. పిల్లాడు ఐస్‌క్రీమ్ అడిగే చోట్లు. ఉగ్రవాదులు కావాలని ఎంచుకున్నది వాటినే. మనం సంతోషంగా ఉండే చోటును చూసి మనమే భయపడేలా చెయ్యడం వాళ్ళ ఉద్దేశం.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లోని బైసరన్ మైదానంలో జరిగింది కూడా అదే. వేసవి సెలవుల్లో భార్యాపిల్లలతో మంచు కొండలు చూడటానికి వెళ్ళినవాళ్ళను, పెళ్ళయి వారం కూడా తిరగని యువకుణ్ణి, ఆపి, మతం అడిగి కాల్చారు. 26 మంది చనిపోయారు. వాళ్ళలో పర్యాటకులను కాపాడబోయిన స్థానిక గుర్రపువాడు ఒకడు. విశాఖపట్నానికి ఒక మృతదేహం, కావలికి ఒక మృతదేహం వచ్చాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక కేంద్ర ప్రభుత్వ అధికారి తన భార్యాపిల్లల కళ్ళముందే చనిపోయాడు. మా వీధిలో, మా బడిలో, మా చుట్టాల్లో ఆ వేసవికి కశ్మీర్ టికెట్లు తీసుకున్నవాళ్ళంతా రద్దు చేసుకున్నారు. అంతటితో ఆగలేదు. అరకు వెళ్దామనుకున్నవాళ్ళు, తిరుపతి వెళ్దామనుకున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆగుదామన్నారు. అదే ఏడాది నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలినప్పుడు మళ్ళీ అదే మాట.

ఈ భయం ఇంట్లో ఎలా పనిచేస్తుందో మీకు చెప్పాలి. ఇది ముఖ్యమైన సంగతి. పేలుడు జరిగిన మర్నాడు కూడా నా భర్త కిక్కిరిసిన మెట్రోలో ఆఫీసుకు వెళ్తాడు. నేను కిక్కిరిసిన బస్సులో బడికి వెళ్తాను. పిల్లలు ఆటోలో ట్యూషన్‌కు వెళ్తారు. మా అత్తమ్మ మలక్‌పేట రైతుబజారుకు వెళ్ళి కూరగాయలు తెస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ మానెయ్యమని ఎవరూ అనరు. మానేసేది పార్కును, జాతరను, నుమాయిష్‌ను, సినిమాను, సెలవుల ప్రయాణాన్ని. జనం అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ప్రమాదం రెండుచోట్లా ఒకటే. అయినా పనికి వెళ్ళడం తప్పనిసరి, సరదాకు వెళ్ళడం అనవసరం అని మనం లెక్క వేసుకుంటాం. భయం వచ్చినప్పుడు మొదట పోయేది సంతోషమే.

ఆ సంతోషం కూడా అందరికీ ఒకేలా పోదు. మొదట ఆగిపోయేది ఆడవాళ్ళు. ఆ తర్వాత ఆడపిల్లలు. మగపిల్లలు స్నేహితులతో కలిసి ఎలాగో వెళ్ళిపోతారు. "రోజులు బాగాలేవు, ఎందుకే ఇప్పుడు" అనే మాట ఆడపిల్ల విన్నన్నిసార్లు మగపిల్లాడు వినడు. అదే విధంగా డబ్బున్నవాళ్ళకు గేటెడ్ కాలనీల్లో సొంత పార్కు ఉంది, క్లబ్ హౌస్ ఉంది, ఈతకొలను ఉంది. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు ఆకాశం కనిపించే చోటు ట్యాంక్‌బండే. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ వాళ్ళకు సంక్రాంతి అంత పెద్ద పండగ. చార్మినార్ దగ్గర గాజులు, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్, నెహ్రూ జూ పార్కులో ఏనుగు. టికెట్టు కొద్దిగా ఉండే, లేకపోతే అసలు టికెట్టే ఉండని సరదాలు ఇవి. ఇలాంటి చోట్ల భద్రత లేకపోతే నష్టపోయేది వేరే చోటుకు వెళ్ళే స్తోమత లేనివాళ్ళే. అందుకే బహిరంగ స్థలాల్లో భద్రతను పేదవాడి హక్కుగా చూడమని అడుగుతున్నాను.

అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే, అంకెలు చెప్పేది స్పష్టంగానే ఉంది. 2022లో ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఉగ్రవాదుల చేతిలో ఒక ఏడాదిలో చనిపోయే సాధారణ పౌరుల సంఖ్యను దీని పక్కన పెట్టనే లేం. నుమాయిష్‌కు వెళ్ళే కుటుంబానికి నుమాయిష్‌లో కంటే, బండి మీద నలుగురూ కూర్చుని నుమాయిష్‌కు వెళ్ళే దారిలోనే ప్రాణాపాయం ఎక్కువ. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం ఎక్కడానికి భయపడి కార్లలో దూరప్రయాణాలు చేశారు. ఆ తర్వాతి ఏడాదిలో దానివల్ల రోడ్ల మీద అదనంగా దాదాపు 1,500 మంది చనిపోయారని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్కగట్టాడు. ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి అంతకంటే పెద్ద ప్రమాదంలోకి వెళ్ళారు వాళ్ళు.

ఈ లెక్కలు నేను మా పదో తరగతి పిల్లలకు కూడా చెబుతాను. కానీ ఒక తల్లికి ఈ లెక్క సరిపోదు. ఎందుకు సరిపోదో చెబుతాను. రోడ్డు మీద ప్రమాదం ఉన్నా, ఏం చెయ్యాలో నాకు తెలుసు. హెల్మెట్ పెట్టుకోవచ్చు, నెమ్మదిగా నడపమని చెప్పవచ్చు, రాత్రి ప్రయాణం మానుకోవచ్చు. నా చేతిలో కొంత ఉంది. బాంబు విషయంలో నా చేతిలో ఏముందో నాకు తెలియదు. ఎటు పరుగెత్తాలో తెలియదు. ఏ సంచిని అనుమానించాలో తెలియదు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఏం నేర్పారో తెలియదు. ఏదైనా జరిగితే అంబులెన్స్ లోపలికి రావడానికి దారి ఉందో లేదో తెలియదు. మా భయంలో సగం ఈ తెలియకపోవడం వల్ల వచ్చిందే. ఈ సగాన్ని మీరు తీసెయ్యగలరు. ఈ లేఖలో నేను అడిగేదంతా అదే.

మా ఇంట్లో మేం వెళ్ళాలనే నిర్ణయించుకున్నాం. పిల్లలు భయంతో పెరగకూడదని నేనూ నా భర్తా అనుకున్నాం. మా అత్తమ్మ ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది. 2013లో ఆమె పేలుళ్ళ శబ్దం ఇంట్లోంచి విన్న మనిషి. ఆమె భయాన్ని మేం తీసిపారెయ్యలేదు. ఆమె అడిగినవన్నీ మా ఇంటి నియమాలయ్యాయి. ఎక్కడికి వెళ్ళినా లోపలికి వెళ్ళగానే బయటికి వెళ్ళే దారులు ఎక్కడున్నాయో చూసుకుంటాం, పిల్లలతో చెప్పిస్తాం. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకుంటాం. చిన్నదాని జేబులో మా ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఉంటుంది. రద్దీ బాగా పెరిగే వేళకు ముందే బయటికి వచ్చేస్తాం. ఎవరూ లేని సంచి కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి, పోలీసుకో సెక్యూరిటీ గార్డుకో చెప్తాం, 112కి ఫోన్ చేస్తాం. ఏదైనా జరిగిందని సందేశం వస్తే, అధికారికంగా చెప్పేదాకా ఎవరికీ పంపం. ఇవి పెద్ద పనులు కావు. కానీ వీటివల్ల మా అత్తమ్మ కూడా మాతో నుమాయిష్‌కు వచ్చింది. ఏం చెయ్యాలో తెలిస్తే భయం పూర్తిగా పోకపోయినా మనిషి కదలగలుగుతాడని మాకు అర్థమైంది.

మేం చెయ్యాల్సింది మేం చేస్తున్నాం. ఇక మీరు చెయ్యాల్సినవి చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగిన 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది, లేదా రోజుకు 500 మంది వచ్చిపోయే ప్రతి చోటా లోపలికి వెళ్ళేవాళ్ళ మీద నియంత్రణ ఉండాలని, సీసీ కెమెరాలు పెట్టాలని, ఆ దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని ఆ చట్టం చెప్పింది. కెమెరాల విషయంలో మన నగరం చాలా ముందుకు వెళ్ళింది. బంజారాహిల్స్‌లో 2022లో కమాండ్ కంట్రోల్ సెంటర్ వచ్చింది. నేరం చేసినవాణ్ణి పట్టుకోవడంలో కెమెరాలు చాలా ఉపయోగపడతాయి, కాదనను. అయితే కెమెరా ఎక్కువగా అక్కరకొచ్చేది జరిగిపోయిన తర్వాత. కుటుంబంతో లోపలికి అడుగుపెట్టే మనిషికి కావలసింది జరగకముందు ఏం చేశారన్నది. చట్టంలో మొదటి సగం, అంటే గేటు దగ్గర నియంత్రణ, ఎంతవరకు అమలవుతోంది? మా ఊళ్ళో ఏ పార్కు, ఏ మాల్, ఏ ఫంక్షన్ హాలు ఆ చట్టాన్ని పాటిస్తోందో, ఏది పాటించడం లేదో మాకు తెలిసే మార్గం లేదు. హోటళ్ళ వంటగదుల్లో ఆహార భద్రతా అధికారులు తనిఖీ చేసి, ఏం దొరికిందో పేర్లతో సహా బయటపెడుతున్నారు. దానివల్ల ఎక్కడ తినాలో జనం తెలుసుకుంటున్నారు. భద్రత విషయంలో కూడా అలాగే చెయ్యండి. ఏ లోపాలు ఉగ్రవాదికి దారి చూపుతాయో అవి చెప్పనక్కర్లేదు. తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆ చోటు నెగ్గిందా లేదా అన్న ఒక్క మాట గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటే చాలు.

గేటు దగ్గర జరిగే తనిఖీ గురించి మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. నగరంలో ఒక పెద్ద పార్కుకు వెళ్ళినప్పుడు మెటల్ డిటెక్టర్ ద్వారం మోగుతూనే ఉంది, అందరూ మోగించుకుంటూ లోపలికి వెళ్తూనే ఉన్నారు. గార్డు నా భర్త జేబులు తడిమాడు. నా హ్యాండ్‌బ్యాగును, మా అత్తమ్మ సంచిని తెరిచి చూడటానికి అక్కడ మహిళా గార్డు లేదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ గార్డును తప్పుపట్టను. పన్నెండు గంటలు నిలబడి, చాలీచాలని జీతానికి, ఏ శిక్షణా లేకుండా పనిచేస్తున్న మనిషి అతను. అతనికి ఏం చూడాలో ఎవరైనా నేర్పారా? అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో అతని దగ్గర నంబరు ఉందా? మెటల్ డిటెక్టర్ కొనడానికి ఖర్చుపెట్టిన డబ్బులో కొంత ఆ మనిషికి నేర్పడానికి ఖర్చుపెట్టండి. ప్రతి గేటు దగ్గరా మహిళా గార్డును పెట్టండి.

భద్రత అంటే ఉగ్రవాదం ఒక్కటే కాదని కూడా చెప్పాలి. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూడటానికి భర్తా పిల్లలతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ కుటుంబం మా దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళే. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలోనే చనిపోయారు. 2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో కార్తీక ఏకాదశి నాడు గుడికి వెళ్ళిన భక్తులు తొక్కిసలాటలో చనిపోయారు. 2019 జనవరి 30న నుమాయిష్‌లోనే అగ్నిప్రమాదం జరిగి దుకాణాలు కాలిపోయాయి. ఆ రాత్రి జనం బయటపడగలిగారు కాబట్టి ప్రాణనష్టం జరగలేదు. బాంబు పేలినా, మంటలు అంటుకున్నా, పుకారు లేచినా జనం చేసే పని ఒకటే, పరుగెత్తడం. ఆ పరుగుకు వెడల్పాటి దారి ఉందా, తాళం వెయ్యని గేటు ఉందా, లైట్లు ఉన్నాయా అన్నదే బతుకును నిర్ణయిస్తుంది. బాంబు నుంచి మమ్మల్ని కాపాడే గేటే తొక్కిసలాట నుంచి కూడా కాపాడుతుంది. ఉగ్రవాద దాడి ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, దానికి ఇంత ఖర్చా అని మీ అధికారులు అంటే, ఈ ఖర్చు ప్రతి పండక్కీ ప్రతి జాతరకూ పనికొస్తుందని వాళ్ళకు చెప్పండి.

ఇంకొక చిన్న పని అడుగుతాను. దీనికి ఖర్చు దాదాపు లేదు. సినిమా మొదలయ్యే ముందు పొగాకు గురించి హెచ్చరిక వెయ్యడం తప్పనిసరి చేశారు. విమానం ఎగిరే ముందు బయటపడే తలుపులు ఎక్కడున్నాయో చూపిస్తారు. అలాగే సినిమాహాళ్ళలో, లేజర్ షోలలో, రవీంద్రభారతిలో, ఎల్బీ స్టేడియంలో కార్యక్రమం మొదలయ్యే ముందు ఒక్క నిమిషం, బయటికి వెళ్ళే దారులు ఎక్కడున్నాయో తెలుగులో, ఉర్దూలో, హిందీలో చెప్పించండి. మొదట్లో కొందరు చిరాకు పడతారు. రెండు నెలల్లో అలవాటవుతుంది. ఏ తలుపు ఎక్కడుందో తెలిసిన జనం ఒకే తలుపు మీద పడరు.

సమాచారం గురించి కూడా ఒక మాట. 2025 మే 7న ఆపరేషన్ అభ్యాస్ పేరుతో హైదరాబాద్‌లో నాలుగు చోట్ల మాక్ డ్రిల్ జరిగింది. సైరన్ మోగింది. ఆ సాయంత్రం మా కాలనీలో సగం మందికి అది డ్రిల్లో నిజమో అర్థం కాలేదు. డ్రిల్ మంచిదే. దాన్ని ఏడాదికి రెండుసార్లు, ముందే ప్రకటించి, బడుల్లో, అపార్ట్‌మెంట్లలో, మార్కెట్లలో జరిపించండి. పిల్లలకు నేర్పితే ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళకు నేర్పుతారు. ఉపాధ్యాయురాలిగా ఇది నేను హామీ ఇచ్చి చెప్పగలను. అలాగే హై అలర్ట్ ప్రకటించిన రోజున దానితోపాటు మూడు సంగతులు చెప్పండి. ఏ చోట్లు తెరిచి ఉన్నాయి, ఏవి మూశారు, మూసినవి ఎప్పుడు తెరుస్తారు. పహల్గామ్ దాడి తర్వాత కశ్మీర్‌లో 87 పర్యాటక ప్రాంతాల్లో 48 మూసేశారు. తర్వాత జూన్ నుంచి విడతలవారీగా, ఏవి తెరుస్తున్నారో పేర్లు చెప్పి తెరిచారు. మూసెయ్యడం ఒక్కోసారి అవసరమే. తెరిచే తేదీ చెప్పకుండా మూస్తే మాత్రం ఆ చోటు జనం మనసులో శాశ్వతంగా ప్రమాదకరమైన చోటుగా మిగిలిపోతుంది. దాని మీద బతికే గుర్రపువాళ్ళు, బండ్లవాళ్ళు, చిరుతిళ్ళవాళ్ళు ఆకలితో మిగిలిపోతారు.

ఇప్పుడు చెప్పబోయే మాట చాలామంది బయటికి అనరు. నా పక్కింటివాళ్ళు ముస్లింలు. బాంబు వార్త వచ్చిన రోజున మాకున్న భయం వాళ్ళకూ ఉంటుంది. దాని మీద ఇంకో భయం ఉంటుంది. బయటికి వెళ్తే తమ అబ్బాయిని ఎవరైనా అనుమానంగా చూస్తారేమో, గడ్డాన్ని చూసి, బురఖాను చూసి పక్కకు లాగి ప్రశ్నిస్తారేమో అని. ఆ భయానికి కారణం ఉంది. మక్కా మసీదు పేలుడు తర్వాత ఎందరో యువకుల్ని పట్టుకెళ్ళారు. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే వాళ్ళకు పరిహారం ప్రకటించింది. పోయిన చదువులు, పోయిన ఏళ్ళు మాత్రం తిరిగి రాలేదు. పహల్గామ్‌లో మతం అడిగి చంపినవాళ్ళు కోరుకున్నది ఇదే, పక్కింటివాణ్ణి చూసి మనం జంకాలని. మా రెండిళ్ళ పిల్లలూ కలిసి నుమాయిష్‌కు వెళ్ళగలగాలి. గేటు దగ్గర అందరి సంచులూ ఒకేలా తెరిచి చూడండి, ఎవరినీ ప్రత్యేకంగా పక్కకు పిలవకండి. అలాంటి తనిఖీకి ఎవరూ నొచ్చుకోరు. నిజంగా సంచిలో ఏముందో చూసే తనిఖీ కూడా అదే.

చివరిగా, దెబ్బతిన్నవాళ్ళ సంగతి. 2007 ఆగస్టు పేలుళ్ళ కేసులో ఇద్దరికి ఉరిశిక్ష పడటానికి 2018 దాకా పట్టింది. 2013 కేసులో ఐదుగురికి 2016లో పడిన ఉరిశిక్షను హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ధ్రువీకరించింది. న్యాయస్థానాల పని న్యాయస్థానాలు చేస్తాయి. కానీ ఆ పేలుళ్ళలో కాలు పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు, వినికిడి పోయినవాళ్ళు మన మధ్యే బతుకుతున్నారు. వాళ్ళ వైద్యం, పిల్లల చదువు, ఉద్యోగం గురించి ప్రభుత్వం ఇచ్చిన ప్రతి మాటా నిలబెట్టుకుందా అని ఒకసారి పరిశీలించండి. బయటికి వెళ్ళే ధైర్యం ఏమీ జరగదన్న నమ్మకంతో రాదు. ఏమీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. జరిగితే మమ్మల్ని చూసుకునేవాళ్ళు ఉన్నారన్న నమ్మకంతో వస్తుంది. 2005లో ఈ నగరంలోనే మొదలైన 108 అంబులెన్స్ అలాంటి నమ్మకాన్ని మొదట మాకు ఇచ్చింది. దెబ్బతిన్న మనిషిని ఇరవై ఏళ్ళయినా వదిలెయ్యని ప్రభుత్వం ఆ నమ్మకాన్ని పూర్తిచేస్తుంది.

ఈ లేఖ చదువుతున్న తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. ప్రభుత్వం అన్నీ సరిచేసేదాకా మనం ఆగితే మన పిల్లల బాల్యం ఆగదు. వెళ్ళండి. దారులు చూసుకుని, నియమాలు చెప్పుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని వెళ్ళండి. వెళ్ళలేకపోయినవాళ్ళను పిరికివాళ్ళని అనకండి. దగ్గరగా చూసినవాళ్ళకు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు ఇంకా సమయం కావాలి. వాళ్ళు వచ్చేదాకా ఆగి, తోడుగా తీసుకెళ్ళండి. ఆడపిల్లను మాత్రమే ఇంట్లో ఆపెయ్యకండి. ప్రమాదం ఉందనుకుంటే ఇంట్లో అందరికీ ఉన్నట్టే.

ముఖ్యమంత్రి గారూ, భయపడొద్దని మాకు చెప్పకండి. భయం మాది, దాన్ని మేం మోసుకుంటాం. గేట్ల దగ్గర శిక్షణ పొందిన మనుషుల్ని పెట్టండి, అందులో ఆడవాళ్ళను తప్పకుండా పెట్టండి. బయటికి వెళ్ళే దారులు తెరిచి ఉంచి, అవి ఎక్కడున్నాయో ప్రతి కార్యక్రమానికి ముందూ చెప్పించండి. ఏ చోట తనిఖీ జరిగిందో, ఏ చోట జరగలేదో బోర్డు మీద రాయించండి. అందరినీ ఒకేలా తనిఖీ చేయించండి. వచ్చే పండగలోపు ఈ నాలుగు పనులూ మొదలుపెట్టించి, లుంబినీ పార్కు నుంచే మొదలుపెట్టామని ప్రకటించండి. పిల్లల్ని తీసుకుని రావడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి, ఉపాధ్యాయురాలు